మధురవాణిని తూచే రాళ్ళు

పెద్దాపురం పేరు వినగానే ముసిముసిగా నవ్వేవారిని నేనెరుగుదును. ఆ నవ్వు కళావంతుల స్త్రీల మీదే గాని, వారిని ఉంచుకున్న పెద్దమనుషుల మీద కాదు. పాత్రల నీతిని నిర్ణయించే మన విమర్శలోనూ ఇదే పక్షపాతం.

‘కన్యాశుల్కం’ (1897, తిరగరాసినది 1909) చూడండి. అగ్నిహోత్రావధాన్లు పసిపిల్ల సుబ్బిని ముసలి లుబ్ధావధాన్లుకు అమ్మజూపుతాడు. ఆచారం అడ్డు చెప్పదు. ఆ పెళ్ళి తప్పించడానికి కరటకశాస్త్రి శిష్యుడికి ఆడవేషం వేస్తే, మధురవాణి ఆ మోసంలో చేయి కలుపుతుంది. గిరీశం వితంతు వివాహాల మీద ఉపన్యాసాలిస్తాడు. కన్ను బుచ్చమ్మ మీద.

అబద్ధాలు లెక్కపెడితే మధురవాణి దోషి, అగ్నిహోత్రావధాన్లు ఆచారవంతుడు. ఎవరి మేలు కోసం, ఎవరిని బలిపెట్టి అని అడిగితే తీర్పు తారుమారవుతుంది. నాకు ఈ ప్రశ్నే ప్రమాణం.

అలాగని ఆమెకు హారతి పట్టడమూ విమర్శ కాదు. ఆమె తిండి రామప్పంతులు వంటివారి డబ్బే. వేశ్యల మొహం చూడనన్న సౌజన్యారావు మంచివాడే. దురాచారాన్ని ద్వేషించబోయి మనిషిని వెలివేశాడు. మధురవాణిని మగవేషంలో ఆయన ఇంటికి పంపి, గురజాడ ఆ మంచితనానికే పరీక్ష పెట్టాడు.

ఆడపిల్లలను దేవదాసీలుగా అంకితమివ్వడాన్ని 1947లో మద్రాసు చట్టం నిషేధించింది. ఆ స్త్రీలను తూచిన దొంగ తూనికరాళ్ళను మన విమర్శ ఇంకా పారేయలేదు.