పాత డీవీడీ రైటర్‌లోని ఎర్రటి వెలుగు

మూలనపడిన డీవీడీ రైటర్‌ను విప్పి, లేజర్ డయోడ్‌ను చెడకుండా బయటికి తీయడం చిన్న పనిగానే కనిపిస్తుంది. కొత్తగా ఎలక్ట్రానిక్స్ నేర్చుకునేవాళ్లకు మాత్రం ఇంతకంటే మంచి గురువు లేదంటాను. ఇది తొందరపాటును క్షమించదు. లోపలి స్ఫటికం ఇసుక రేణువంత. వేలి కొసనుంచి పాకే స్థిర విద్యుత్తుకే పాడైపోగలదు. అందుకే పనితెలిసినవాళ్లు మణికట్టుకు ఎర్త్ పట్టీ కట్టుకుని, డయోడ్ కాళ్లను సన్నని రాగితీగతో కలిపి చుట్టాకే టంకం కరిగిస్తారు. పరీక్షలో అసలు నైపుణ్యం తెలుస్తుంది. వేడెక్కేకొద్దీ డయోడ్ అదే వోల్టేజీకి ఎక్కువ కరెంటు లాగుతుంది కనుక బ్యాటరీకి నేరుగా కలపకూడదు. ఎల్‌ఎం317 అనే రెగ్యులేటర్ చిప్‌ను కరెంటు నియంత్రకంగా వాడితే 1.25 వోల్టులను రెసిస్టర్ విలువతో భాగించినంత కరెంటే వస్తుంది: 27 ఓంలకు దాదాపు 46 మిల్లీఆంపియర్లు. కొద్దికొద్దిగా పెంచుతుంటే మొదట మసక ఎరుపు, ఒక హద్దు దాటగానే నిటారుగా పెరిగే కాంతి! మితిమీరితే స్ఫటికం ముఖం కాలి, మామూలు ఎల్‌ఈడీలా మిగులుతుంది. 1962లో రాబర్ట్ హాల్ బృందం ద్రవ నైట్రోజన్ చలిలో వెలిగించిన తొలి సెమీకండక్టర్ లేజర్‌లోనూ ఉన్నది ఈ హద్దే.

కొత్త లేజర్ మాడ్యూల్ చవకగా దొరుకుతుంది కదా అంటారు. అందులో కరెంటును అదుపుచేసే డ్రైవర్ ముందే ఉంటుంది. నేర్చుకోవాల్సింది దానిలోనే దాగిపోతుంది. కళ్లకు ప్రమాదమనే అభ్యంతరం మాత్రం పూర్తిగా న్యాయమైనది. రైటర్ డయోడ్ 100 మిల్లీవాట్లు దాటగలదు, 5 మిల్లీవాట్లకే జాగ్రత్తపడాలి. ఆ డయోడ్ కాంతి తరంగదైర్ఘ్యానికి తగిన కళ్లద్దాలు లేకపోతే పని మొదలుపెట్టకూడదు. పక్కనే ఉండే 780 నానోమీటర్ల సీడీ డయోడ్ వెలుగు కంటికి దాదాపు కనబడదు, రెప్పా మూసుకోదు. కొత్తవాళ్లు దాన్ని వదిలేసి 650 నానోమీటర్ల ప్రాంతపు ఎరుపుతోనే మొదలుపెట్టాలి.