కసాల్స్ కమాను, కసాల్స్ మౌనం

చెల్లో మన ఫిడేలు కుటుంబంలోని పెద్ద వాద్యం. కుర్చీలో కూర్చుని, మోకాళ్ళ మధ్య నిలిపి, కమానుతో వాయిస్తారు. ఇరవయ్యో శతాబ్దంలో దానికి అంతటి గౌరవం తెచ్చినవారిలో ముందు చెప్పుకోవలసినవాడు పాబ్లో కసాల్స్ (1876–1973). పుస్తకాలు ఆయన్ని స్పెయిన్ దేశస్థుడని రాస్తాయి. ఆయన మాత్రం తాను కాటలాన్‌నని చెప్పుకున్నాడు. తన భాషలో ఆయన పేరు పాబ్లో కాదు, పౌ. ఈ తేడా ఏమిటో మన పాఠకులకు వివరించనక్కర్లేదు.

పదమూడేళ్ళప్పుడు బార్సిలోనాలోని ఒక దుకాణంలో ఆయనకు బాఖ్ రచనల ప్రతి ఒకటి దొరికింది. అవి ఒంటి చెల్లో కోసం కూర్చిన ఆరు మాలికలు. ఒక్కో దానిలో ఆలాపన వంటి ఆరంభం, ఆ తర్వాత నాట్యగతులు ఉంటాయి. విద్వాంసులు అప్పట్లో వీటిని మన సరళీవరుసల్లా ఎక్కువగా సాధనకే వాడేవారు. కసాల్స్ సుమారు పన్నెండేళ్ళు సాధన చేసి గాని ఒక మాలికను సభలో పూర్తిగా వాయించలేదు. ఆరింటినీ 1936–39 మధ్య రికార్డు చేశాడు.

ఆయన మరీ స్వేచ్ఛ తీసుకున్నాడనీ, నాట్యం లయ చెడిందనీ తరువాతివారి ఆక్షేపణ. బైల్స్మా పాత పద్ధతి చెల్లో మీద 1979లో చేసిన రికార్డుతో పోల్చి విన్నాను. వేగంగా సాగే భాగాల్లో ఆక్షేపణ నిజమే. బైల్స్మా దగ్గర అడుగు తేలిగ్గా పడుతుంది. కాని బాఖ్ స్వహస్తంతో రాసిన ప్రతి మిగల్లేదు. ఆయన భార్య తీసిన నకలులో వేగం, బిగ్గర, మెత్తన సూచనలు దాదాపు లేవు. నిర్ణయం వాయించేవాడిదే. అయిదో మాలికలోని సరబాండ్ వినండి. రెండు తీగెలు కలిసి మోగే చోటు అందులో ఒక్కటీ లేదు, ఒంటిస్వరమే నడుస్తుంది. కసాల్స్ దాన్ని రికార్డు చేసేనాటికి, 1939లో, బార్సిలోనా ఫ్రాంకో సేనల వశమైపోయింది. బడుల్లో, కచేరీల్లో కాటలాన్ భాషకు చోటు లేకుండా పోయింది. ఆయన ప్రవాసంలో ఉన్నాడు. అక్కడ నాకు నాట్యం వినపడదు, మాట వినపడుతుంది.

ఫ్రాన్సు సరిహద్దులోని ప్రాద్ అనే చిన్న ఊళ్ళో ఆయన స్థిరపడ్డాడు. యుద్ధం ముగిసినా మిత్రరాజ్యాలు ఫ్రాంకోను కదిలించలేదు. అందుకు నిరసనగా సభల్లో వాయించడం మానేశాడు. లెక్కలు చూసే ఉద్యోగం నాది. పేరు, రాబడి రెండూ నిండుగా ఉన్న రోజుల్లో వాటిని వదులుకోవడం ఎంత ఖరీదైన పనో నాకు అర్థమవుతుంది. 1950లో బాఖ్ ద్విశత వర్ధంతికి ప్రపంచ విద్వాంసులే ఆయన ఊరికి వచ్చారు.

అభిమానులు దాటవేసే సంగతి ఒకటుంది. 1961లో ఆయన కెనెడీ కోసం వైట్‌హౌస్‌లో వాయించాడు. అమెరికా అప్పటికీ ఫ్రాంకోతో ఒప్పందంలోనే ఉంది. నియమం సడలిందనే నేనంటాను. దీన్ని దాచిపెడితే ఆ త్యాగానికి విలువ పెరగదు. అయితే ఫ్రాంకో ఉన్నంతకాలం స్పెయిన్‌లో మాత్రం కచేరీ చేయలేదు. ఫ్రాంకోకంటే రెండేళ్ళు ముందే కన్నుమూశాడు. అస్థికలు 1979లో స్వగ్రామం చేరాయి.

1971లో, 94 ఏళ్ళ వయసులో, ఐక్యరాజ్యసమితిలో కాటలాన్ల జానపదగీతం ‘పక్షుల పాట’ వాయించాడు. ఆ వయసులో చేతికి పాత పట్టు లేదు. అయినా వినదగ్గదే. కాని కొత్తగా వినేవారు దానితో మొదలుపెట్టవద్దు. ముందు 1939 నాటి సరబాండ్ వినండి. ఈ పాటలో ఆయన ఏం కాపాడుకున్నాడో తరువాత తెలుస్తుంది.