వృత్తిజీవుల పాత్రలు: యానిమేషన్‌లో ఆహార్యం, ఆంగికం

1. ప్రవేశిక:

రంగస్థలం మీద నటుడు తన శరీరాన్నీ, నడకనూ, అలవాట్లనూ పాత్రకు అరువిస్తాడు. యానిమేషన్ పాత్రకు ఆ వెసులుబాటు లేదు. దాని ప్రతి కదలికనూ చిత్రకారుడే నిర్ణయించాలి. కాబట్టి మన చుట్టూ ఉన్న వృత్తిజీవుల ఆధారంగా పాత్రను రూపొందించినప్పుడు, ఆ వృత్తి నుంచి ఏమి స్వీకరించారో, ఏమి విడిచిపెట్టారో తెరపై స్పష్టంగా కనిపిస్తుంది. నాట్యశాస్త్రం చెప్పిన చతుర్విధాభినయాలలో ఆహార్యం వేషభూషలకు, ఆంగికం అవయవ చలనానికి సంబంధించినవి. వృత్తి ఆహార్యం దగ్గరే ఆగితే పాత్ర ఒక గుర్తుగా మిగులుతుందనీ, ఆంగికంలోకి ప్రవేశిస్తేనే మనిషిగా నిలుస్తుందనీ ఈ వ్యాస ప్రతిపాదన.

2. లడ్డూ, దాని వెనుక చేయి:

హైదరాబాదులోని గ్రీన్ గోల్డ్ యానిమేషన్ సంస్థ రూపొందించిన 'ఛోటా భీమ్' 2008లో పోగో ఛానల్‌లో ప్రారంభమైంది. అందులో టున్‌టున్ లడ్డూలమ్మే స్త్రీ. భారీ శరీరం, చీర, ఎదుట లడ్డూలు: చూడగానే పిల్లలు గుర్తుపడతారు. నాయకుడి బలానికి లడ్డూయే ఆధారం. అయినా కథకు కావలసింది సిద్ధంగా ఉన్న లడ్డూయే కాని, దాన్ని చేసే పని కాదు. బూందీ దూసే చేతి అదును, పాకం చూసే వేళ్లు, వేడి ఆరకముందే ఉండ చుట్టే తొందర ఆ పాత్ర స్వభావాన్ని నిర్ణయించవు. ఆమె వృత్తి ప్రధానంగా ఆహార్యమే.

ధారావాహికకు సమయం, వ్యయం పరిమితమనీ, పిల్లల కథకు తేలికపాటి గుర్తులు చాలుననీ ఆక్షేపించవచ్చు. ఇందుకు సమాధానం కొండపల్లి బొమ్మలలో దొరుకుతుంది.

3. కదలని బొమ్మలో కదలిక:

తెల్లపొణికి కర్రతో చేసే ఈ బొమ్మలలో తాటిచెట్టెక్కే గీత కార్మికుడి బొమ్మ ప్రసిద్ధం. అది కదలదు, మాట్లాడదు. అయినా చెట్టును పట్టుకొన్న ఆ భంగిమలోనే ఎత్తు, బరువు, ప్రమాదం స్ఫురిస్తాయి. వృత్తిని చూపడానికి ఎక్కువ చిత్రాలు అవసరం లేదు. సరిగా పరిశీలించిన ఒక్క భంగిమ చాలు. పూలమ్మే మనిషి మోచేతి నుంచి వేలికొస దాకా మూర కొలిచే తీరు కూడా అలాంటిదే. ఆ ఒక్క కదలికలో వృత్తి, బేరం, మనిషి ఉదారత లేదా పిసినారితనం కలిసే ఉంటాయి.

4. 'బాంబే రోజ్':

గీతాంజలీ రావు దర్శకత్వం వహించిన 'బాంబే రోజ్' 2019లో వెనిస్ చిత్రోత్సవంలో ప్రదర్శితమైంది. అందులో కమల ముంబయి వీధుల్లో పూలదండలు కట్టి అమ్మే యువతి. సలీం కూడళ్లలో ఆగిన కార్ల మధ్య పూలు అమ్ముతాడు. ప్రతి చిత్రాన్నీ విడివిడిగా చిత్రించిన ఈ సినిమాలో పూలు అలంకారం మాత్రమే కావు. అవి కమలకు జీవనాధారం. ఆమెకూ సలీంకూ మధ్య భాష. పనిచేసే చేతులకు ఇక్కడ కథలో స్థానం ఉంది.

అయితే ఒక పరిమితినీ చెప్పాలి. కమల ఊహలు సూక్ష్మచిత్రాల శైలిలో విప్పారినప్పుడు ఆ వర్ణవైభవం వీధి జీవితపు అలసటను కొంత కప్పివేస్తుంది. శ్రమను గుర్తించిన చిత్రమే, అందం కోసం దాన్ని అప్పుడప్పుడు మరచిపోతుంది.

5. ముగింపు:

తెలుగు సమాజంలో ఈ చర్చకు మరింత ప్రాధాన్యం ఉంది. ఇక్కడ అనేక వృత్తులు కులాలతో ముడిపడి ఉన్నాయి. వేషంతోనే గుర్తించే వృత్తిపాత్ర సులభంగా కులపు వెక్కిరింతగా మారుతుంది. నవ్వు మనిషి మీదికి మళ్లుతుంది. ఆంగికంతో రూపొందిన పాత్రలో నైపుణ్యం ముందుకు వస్తుంది. హాస్యం ఉన్నా అది పనిలోని చమత్కారం నుంచే పుడుతుంది. కాబట్టి కుమ్మరినో, నేతగాడినో తెరకు తెచ్చే రూపకర్త ముందుగా చూడవలసింది వారి తలపాగాను కాదు, సారె మీది వేళ్లనూ మగ్గం గుంటలోని కాళ్లనూ. విమర్శకుడు కూడా పాత్ర అచ్చం అలాగే ఉందా అన్న ప్రశ్నతో ఆగక, ఆ పాత్రకు తన పని తెలుసా అని అడగాలి.