ఘాట్ దిగే విద్య

అరకు రైలెక్కిన ప్రతిసారీ పొద్దున సొరంగం వచ్చినప్పుడల్లా కేకలు పెట్టేవాళ్లం, సాయంత్రం తిరుగు ప్రయాణంలో కునుకు తీసేవాళ్లం. అదే దారిలో బైలదిల్లా ఇనుప ఖనిజం నింపుకుని గూడ్సు బళ్లు విశాఖకు దిగుతుంటాయి. వాటిని నడిపేవాళ్లకు కునుకెక్కడిది! ఘాట్ సెక్షన్‌లో అసలు పనితనం దిగడంలోనే ఉందని నాకు నమ్మకం కుదిరింది మాత్రం న్యూజిలాండ్ ఇంజన్ ఒకదాని కథ తెలిశాకే.

దాని పేరు హెచ్ 199. 1875లో ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో తయారైంది. ఇప్పుడు ఫెదర్‌స్టన్ అనే చిన్న ఊళ్లో మ్యూజియంలో ఉంది. ఫెల్ పద్ధతి ఇంజన్లలో ప్రపంచం మొత్తంమీద మిగిలింది ఇదొక్కటే.

వెల్లింగ్టన్‌కూ వైరరాపా మైదానానికీ మధ్య రిముటాకా కొండలు అడ్డం. క్రాస్ క్రీక్ నుంచి సమ్మిట్ దాకా సుమారు 5 కిలోమీటర్లు, ప్రతి 15 అడుగులకూ ఒక అడుగు ఎత్తు. మామూలు చక్రాలకు పట్టు చాలదు. మన ఊటీ రైలుకైతే పళ్ల పట్టా వేశారు. జాన్ బారక్లఫ్ ఫెల్ ఆలోచన వేరు: రెండు పట్టాల నడుమ కాస్త ఎత్తులో నున్నటి మూడో పట్టా. ఇంజన్ అడుగున పడుకోబెట్టిన చక్రాలు దాన్ని రెండు పక్కలా నొక్కిపట్టి తిరుగుతాయి. వాటికి విడిగా సిలిండర్లు. ఒకే బాయిలరు మీద రెండు ఇంజన్లన్నమాట. బండి బరువైనదైతే ఇలాంటివి నాలుగైదు కావలసి వచ్చేవి. అన్నీ ముందే కట్టకుండా బండి మధ్యలో అక్కడక్కడా చొప్పించేవారు, లాగుడంతా ఒకే కప్లింగు మీద పడకుండా.

దిగేటప్పుడు బ్రేకు వ్యాన్లే దిక్కు. లోపలి మనిషి చేత్తో చక్రం తిప్పుతూ ఇనుప బ్లాకులను నడిమి పట్టాకు బిగించాలి. అవి ఇట్టే అరిగిపోయేవి. అక్కడ గాలి కూడా మామూలు గాలి కాదు. 1880 సెప్టెంబరులో సైబీరియా అనే మలుపు దగ్గర పెట్టెలను పట్టాల మీంచి విసిరేసింది, పిల్లలు చనిపోయారు. నడిమి పట్టాను పట్టుకున్న ఇంజన్ మాత్రం కదల్లేదు. ఎక్కడానికి వేసిన పట్టా ఆ రోజు మిగతావాళ్లను లోయలో పడకుండా ఆపింది.

1878లో మొదలైన ఈ దారి 1955లో మూతపడింది. కొండ కింద 8.8 కిలోమీటర్ల సొరంగం వచ్చాక ఈ ప్రయాస ఎవరికి కావాలి? హెచ్ 199 పార్కులో పిల్లలు ఎక్కి ఆడుకునే వస్తువైంది. 1980లలో ఊరివాళ్లే దాన్ని బాగుచేసుకున్నారు.

ఫెల్ పట్టా ఇప్పుడు పనిచేస్తోంది బ్రిటన్ పక్కనున్న ఐల్ ఆఫ్ మాన్‌లో. 1895 నుంచీ స్నేఫెల్ కొండ మీదికి కరెంటు బళ్లు మామూలు చక్రాలతోనే ఎక్కేస్తున్నాయి. నడిమి పట్టాను వాళ్లు వేసుకున్నది బ్రేకు కోసం.