నూరు మైళ్ల బాటలో గుఱ్ఱపు సాక్ష్యము

కాలిఫోర్నియాలోని సియెరా నెవడా పర్వతములకు ఆవలనున్న టాహో సరోవరప్రాంతమునుండి ఈవలి ఆబర్న్ పట్టణమువఱకు, బంగారపు గనులనాటి మనుష్యులు త్రొక్కిన కొండదారిని, నేటి గుఱ్ఱము ఒక్క పగలు ఒక్క రేయిలో దాటగలదా యను సంశయమును తీర్చుటకై, ఆబర్న్ వర్తకుడైన వెండెల్ రోబీ 1955లో కొద్దిమంది సహచరులతో బయలుదేఱి దాటి చూపెను. టెవిస్ కప్ అను పేర నేటికిని సాగుచున్న ఆ నూరు మైళ్ల స్వారిలో, తెల్లవాఱుజామున ఐదుంబావుకు కదలిన రౌతు మఱునాటి ఐదుంబావులోపల ఆబర్న్ చేరవలెను. చేరినంతమాత్రమున చాలదు, పశువైద్యుడు గుఱ్ఱమును చూచి సరేయనునంతవఱకు ఆ రాక లెక్కకు రాదు.

36వ మైలున రాబిన్సన్ ఫ్లాట్ అను మజిలీ కలదు. అక్కడ ప్రతి గుఱ్ఱమునకును ఒక గంట నిర్బంధవిశ్రాంతి. అయితే ఆ గంట గుఱ్ఱము వచ్చిన క్షణమునుండి మొదలుకాదు. దాని నాడి నిమిషమునకు 60కో 64కో, అక్కడి నియమమెంతయైన నంతకు, దిగిన పిమ్మటనే మొదలగును. నిలుకడగానున్నపుడు 28 మొదలు 44 వఱకు కొట్టుకొను గుండె ఎగువదారిలో 150కి ఎక్కుట వింతకాదు. కనుక గుఱ్ఱమును తఱిమి పది నిమిషములు ముందుగా వచ్చినవాడు, నాడి దిగువఱకు కాచుకొని, ఆ పదింటితోపాటు మఱి పదింటిని కూడ పోగొట్టుకొనును. తెలిసిన రౌతు మజిలీకి చాల ముందే దిగి, జీనుపట్టీ వదులుచేసి, గుఱ్ఱము ప్రక్కన నడచుచు, కనబడిన వాగులోనెల్ల స్పాంజి ముంచి దాని మెడపై నీరు పిండును. దండనచేత నేర్పవలసినదానిని గడియారముచేతనే నేర్పించిన ఈ ఏర్పాటు తెలివి మెచ్చదగినది.

నాడి దిగినంతనే పని తీరదు. అలసిన గుఱ్ఱము నిలుచున్నపుడు బాగున్నట్లే కనబడి మోసగింపగలదు. ఆ మోసమును పట్టుటకు కెర్రీ రిడ్జ్‌వే అను అశ్వవైద్యుని పేర ప్రసిద్ధమైన పరీక్ష మిక్కిలి సులభము, మిక్కిలి నిక్కచ్చి. వైద్యుడు ఎడమ ముంగాలి మోచేతికి వెనుకగా స్టెతస్కోపు ఆనించి గుండెను లెక్కించును, 60 అనుకొందము. రౌతు కళ్లెము చేతబట్టి, తానును పరుగెత్తుచు, గుఱ్ఱమును ట్రాట్ నడకలో 125 అడుగులు కొనిపోయి అంత దూరమును తిరిగి తెచ్చును. పరుగు మొదలైన క్షణమునుండి నిమిషము నిండగానే మరల లెక్క. 60 గాని అంతకు తక్కువ గాని యైనచో గుఱ్ఱములో సత్తువ మిగిలియున్నది. 64 అయినచో అనుమానించవలెను. 72 అయినచో అలసటయో, నీరు లవణముల కొఱతయో, ఎక్కడనో దాగిన నొప్పియో ఉండును. ఇందుకు కావలసినవి ఒక స్టెతస్కోపు, ఒక గడియారము.

ఆ పరుగులోనే రెండవ పరీక్షయు జరిగిపోవును. ట్రాట్ నడకలో కుడి ముంగాలును ఎడమ వెనుకకాలును ఒక జంటగా, తక్కిన రెండును ఒక జంటగా నేల తాకును గనుక, గిట్టల చప్పుడు సమముగా రెండు దెబ్బలై వినబడును. ఏ కాలు నొచ్చినను ఆ లయ చెడును. ముంగాలు నొచ్చిన గుఱ్ఱము ఆ కాలు మోపునపుడు తల ఎత్తును, మంచి కాలు మోపునపుడు దించును. క్రొత్తవాడు తల దించిన వైపే కుంటుచున్నదని చెప్పి నవ్వులపాలగుట కలదు. అడుగడుగునకును ఆ ఊపు కనబడెనా, ఎంత మేలుజాతిదైనను దాని ప్రయాణము అక్కడితో సరి.

తక్కినవి చకచక సాగును. పంటి చిగురును వ్రేలితో నొక్కి విడిచినచో తెల్లబడినచోట ఒకటి రెండు సెకనులలో రంగు తిరిగి రావలెను. భుజముపై చర్మమును చిటికెపట్టి వదలినంతనే సర్దుకొనవలెను. డొక్కల ఇరువైపుల పేగుల సవ్వడి వినబడవలెను. జీను క్రింద ఒఱపిడి పుండ్లుండరాదు. చర్మమును చిగుళ్లను ఇంతగా చూచుటకు కారణము చెమటలో నున్నది. గుఱ్ఱపు చెమట దాని రక్తముకంటె ఉప్పన; నీటితోపాటు ఉప్పును పోవుటచే ఒడలెండుచున్నను దప్పి పుట్టకపోవచ్చును. కాల్షియమ్, పొటాషియమ్ మఱీ తగ్గినపుడు డొక్క గుండెకు తాళము వేయుచున్నట్లు అదరును. గుండె ప్రక్కగా పోవు ఫ్రెనిక్ నరము ప్రతి దెబ్బకును ఉలికిపడి ఉదరవితానమును కుదుపుటయే ఇది. అది కనబడినపుడు వైద్యుడు మఱి ఆలోచింపడు.

ఇన్నింటికి నిలువవలసియున్నందుననే బయలుదేఱినవానిలో దాదాపు సగమే కడవఱకు పోవుచున్నవి. ఏడాదిపొడుగున సాధనచేసి వచ్చినవానిని ఎనుబది మైళ్ల పిమ్మట ఆపివేయుట క్రూరమని వాదించువారున్నారు. ఆ క్రూరత్వము రౌతుకు, గుఱ్ఱమునకు కాదు. ఇట్లాగిపోవుటవలని ఫలితములు ఒక్కొక్కప్పుడు చిత్రముగా నుండును: 1973లో గుఱ్ఱము కుంటి దారిలో ఆగిపోయిన గార్డీ ఏన్స్‌లీ, మఱుసటి ఏడు గుఱ్ఱము లేకయే ఆ దారిని 24 గంటలలోపల పరుగెత్తి ముగించెను, అమెరికాలో మనుష్యుల నూరు మైళ్ల కొండదారి పరుగుపందెములకు దారితీసినది ఆ పరుగే.

ఆబర్న్ చేరిన గుఱ్ఱమును మరల పరీక్షింతురు. ఇంకను పోగల స్థితిలో నున్నదని తేలినగాని రౌతునకు వెండి బకిల్ దక్కదు. 1964 నుండి ఇచ్చుచున్న హాగిన్ కప్ అను మఱియొక బహుమానమునకు, మొదట వచ్చిన పదింటిలో ఏది మిక్కిలి ఆరోగ్యముగా నున్నదో వైద్యులు మఱునాడు నడిపించి, పరుగెత్తించి, తడిమి చూచి నిర్ణయింతురు. అది అన్నిటికంటె ముందు వచ్చినదానికే దక్కవలెనను నియమము లేదు. అనుభవజ్ఞులైన రౌతులలో పలువురి కన్ను ముందుగా వచ్చుటకంటె దీనిపైననే.