గేటు పక్క గది

భిలాయిలో ఎవరికి దారి చెప్పాలన్నా ఏదో ఒక గేటు పేరు నోటికొస్తుంది: మెయిన్ గేటు, బోరియా గేటు. ఇక్కడి ఉక్కు కర్మాగారానికి 1955లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందమై, 1959 ఫిబ్రవరిలో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ మొదలైంది. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి రైలెక్కి వచ్చిన మనవాళ్లు ఎందరో ఈ గేట్లలోంచే ప్లాంటులోకి అడుగుపెట్టారు. షిఫ్టు మారే వేళ అక్కడ నిలబడి చూస్తే ఫ్యాక్టరీ గేటు లెక్క అర్థమవుతుంది. డ్యూటీ దిగేవాళ్లూ ఎక్కేవాళ్లూ ఒకేసారి ఎదురుపడతారు. ఇద్దరికీ దారి చాలాలి, ప్రతి పాసూ కాపలావాళ్ల కంటపడాలి. వెడల్పు ఎక్కువైతే చూపు ఆనదు, తక్కువైతే వరస కదలదు. సివిల్ డ్రాయింగులు గీసి బతికినవాణ్ణి. చిన్న కట్టడాల్లో గేటంత కష్టమైనది మరొకటి లేదని నా నమ్మకం.

1713 నాటి విజయనగరం కోటకు సింహద్వారం నగారాఖానా. కింద దారి, పైన నగారా మోగే చోటు. రాజాజ్ఞ అయినా, పెద్దల రాక అయినా ఊరికి ముందు అక్కణ్ణుంచే వినబడేది. కోట గుమ్మాల ఎత్తుకు కొలత అంబారీ ఏనుగు. మనిషి కోసం పెద్ద తలుపులోనే చిన్న దిడ్డి తలుపు పెట్టేవారు. వంగి, ఒక్కొక్కరుగా దూరాలి కాబట్టి కాపలా సులువు. వీటన్నిటికన్నా నాకు ఇష్టమైనవి, మన పాత కోట గుమ్మాల్లోనూ గోపురాల కిందా దారికి అటూ ఇటూ కనిపించే అరుగులు. పైన అంత కట్టడం, పక్కన అంత మందం గోడ ఉన్నాక నడివేసవిలోనూ ఆ రాయి చల్లగానే ఉంటుంది. కాపలావాడు కూర్చున్న నీడలోనే దారినపోయేవాడూ కాసేపు కూలబడవచ్చు.

ఇంగ్లండు జమీందారీ భవంతుల గేట్లు బొమ్మల్లో చూస్తే కళ్లు తిప్పుకోలేం. లండన్ పక్కన సైయన్ హౌస్‌కు 1770లలో రాబర్ట్ ఆడమ్ గీసిన గేటు చూడండి. మధ్యన కమాను, దాని మీద సింహం, ఇరువైపులా సన్నటి స్తంభాల వరస, ఆ చివరొక గది, ఈ చివరొక గది. కలకత్తా గవర్నమెంట్ హౌస్ గేట్లకు ఒరవడి అదే. స్తంభం లావుకూ ఎత్తుకూ, దాని మీది దూలానికీ మధ్య ఆ నిష్పత్తులు నాకు ఇప్పటికీ పాఠాలే.

అయితే ఆ కాలపు జంట గదుల సంగతి తెలిశాక మనసు విరిగింది. ఎడమన గది ఉంటే కుడినా ఉండాలి. లేకపోతే ముఖం ఒంకరగా కనబడుతుంది. గేటు తీసేవాడి సంసారానికి ఒక ఇల్లు చాలు. కానీ ఆ ఇంటిని రెండుగా కోసి దారికి చెరో పక్కన పెట్టిన చోట్లున్నాయి. ఇటు గదిలో వంట, అటు గదిలో పడక. చంటిపిల్లను ఎత్తుకుని, వానలో, బండ్లు వెళ్లే దారికి అడ్డంగా నడిచి వెళ్లి పడుకోవాలి. యజమాని బగ్గీ ఆ ముందునుంచి పోయేది క్షణమే. ఆ క్షణం కోసం ఒక కుటుంబం ఏళ్ల తరబడి అలా బతికింది. ఎంత అందమైనా, దాన్ని నేను మంచి కట్టడం అనలేను.

మా చుట్టుపక్కల కొత్త కాలనీల ముందూ ఇప్పుడు గ్రీకు స్తంభాలు లేస్తున్నాయి. తలల దగ్గర ఆకులు, తీగలు, అన్నీ సిమెంటుతో. వాటి పక్కన వాచ్‌మన్‌కు మాత్రం రేకుల డబ్బా. మే నెలలో 44, 45 డిగ్రీలు తాకే ఊళ్లో ఆ రేకు కింద పన్నెండు గంటల డ్యూటీ! గేటు బొమ్మ గీయమని ఎవరైనా నన్ను అడిగితే స్తంభాల దాకా వెళ్లకముందే కొన్ని అడుగుతాను. మందపాటి ఇటుక గోడ, పడమటి ఎండకు అడ్డంగా ఒక వేపచెట్టు, కూర్చున్నవాడి కంటికి రోడ్డు రెండువైపులా ఆనేలా ఎదురెదురు కిటికీలు, వెనక కుళాయి, మరుగుదొడ్డి, పని అడగడానికి వచ్చినవాళ్లు కూర్చునేందుకు బయట నీడలో మోకాలెత్తు అరుగు.