డిగ్రీ ఎవరి పేరున? - 'త్రీ ఇడియట్స్' మీద కొన్ని మాటలు

రాజ్‌కుమార్ హిరానీ తీసిన 'త్రీ ఇడియట్స్' 2009 డిసెంబరులో వచ్చింది. దాని తమిళ రూపం 'నన్బన్' 2012లో 'స్నేహితుడు' పేరుతో తెలుగులోకి దిగింది. ఇన్నేళ్లయినా మన హాస్టళ్లలో ఒక లాప్‌టాప్ చుట్టూ పదిమంది చేరితే ఆ హిందీ సినిమా మళ్లీ నడుస్తూనే ఉంటుంది. మేమూ చూశాం, ఒకటికి నాలుగుసార్లు చూసి కడుపుబ్బా నవ్వాం. ఆ నవ్వు దాచిపెట్టుకుని విమర్శ రాయడం మర్యాద కాదు. కాకపోతే నవ్వుతున్నప్పుడే లోపలెక్కడో ముల్లు గుచ్చుకుంటూ వచ్చింది. ఆ ముల్లు సంగతి తేల్చుకోవాలి.

ముందు నచ్చింది చెబుతాం. యంత్రం అంటే ఏమిటని క్లాసులో అడిగితే, మనిషి శ్రమను తగ్గించేది ఏదైనా యంత్రమే అంటాడు రాంచో. అయ్యవారికి అది రుచించదు. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు వల్లించిన చతుర్ మంచి విద్యార్థి, అర్థం చేసుకున్న రాంచో బయటికి. వల్లెవేయడమే చదువు అనే బ్రాహ్మణీయ సంప్రదాయాన్ని ఇంత హాయిగా ఎగతాళి చేసిన హిందీ సినిమా మాకింకోటి గుర్తు రావడం లేదు. మోటకు తోలు బొక్కెన కుట్టినవాళ్లూ, మగ్గం ఆడించినవాళ్లూ, కుమ్మరి సారె తిప్పినవాళ్లూ యంత్రానికి నిర్వచనం బట్టీ పట్టలేదు. వాళ్ల తెలివికి మార్కులు వేసిన క్లాసూ లేదు. ఆ సీను చూస్తుంటే మా వాళ్లెవరో లేచి జవాబు చెప్పినట్టే అనిపించింది. కాలేజీ డైరెక్టర్ ఇంటిపేరు సహస్రబుద్ధే. వెయ్యి బుద్ధులున్నాయి గానీ ఒక్కటీ పిల్లల వైపు లేదు!

ఇంకో విషయంలోనూ ఈ సినిమాకు గౌరవం ఇవ్వాల్సిందే. జాయ్ లోబో అనే కుర్రాడికి ప్రాజెక్టు గడువు పెంచడానికి డైరెక్టర్ ఒప్పుకోడు, పైగా మీవాడు ఈ ఏడు పాసవడని తండ్రికి ఫోన్లో చెప్పేస్తాడు. పిల్లాడు ఉరేసుకుంటాడు. ఇది ఆత్మహత్య కాదు, హత్య అని రాంచో డైరెక్టర్ మొహం మీదే అంటాడు. 2016 జనవరి 17న హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో రోహిత్ వేముల చనిపోయాక, ఇది సంస్థ చేసిన హత్య అని విద్యార్థులు గొంతెత్తారు. అంతకు ఆరేళ్ల ముందే ఒక జనరంజక కామెడీ ఆ మాట పలికింది. అయితే సినిమాలో పీక నొక్కింది మార్కుల ఒత్తిడి మాత్రమే. ఓబీసీ రిజర్వేషన్లు వద్దంటూ 2006లో డాక్టరు చదువుల పిల్లలు వీధులు ఊడ్చి, బూట్లు పాలిష్ చేసి 'నిరసన' తెలిపారు. ఎయిమ్స్‌లో దళిత, ఆదివాసీ విద్యార్థుల పట్ల చూపే వివక్ష గురించి తోరట్ కమిటీ 2007లో నివేదిక ఇచ్చింది. 2008లో సుప్రీంకోర్టు ఓబీసీ కోటాను సమర్థించింది. ఇంత గోల జరిగిన మరుసటి ఏడాదే వచ్చిన కాలేజీ కథలో రిజర్వేషన్ అన్న ఊసే లేదు. కులం లేని కాలేజీ కట్టడం సినిమా వాళ్లకు భలే సులువు.

పేదరికం మాత్రం ఉంది, నవ్వులాటగా. రాజు ఇల్లు చూపించగానే తెర నలుపు తెలుపుల్లోకి మారుతుంది. పాత సినిమాల ఏడుపు సంగీతం, మంచాన పడ్డ తండ్రి, కట్నం కోసం ఆగిపోయిన అక్క పెళ్లి. తండ్రి ఒళ్లు గోకిన అప్పడాల కర్రతోనే తల్లి రొట్టెలు చేస్తుందని మనం పగలబడి నవ్వాలి. మొదటిసారి నవ్వాం. రెండోసారి నవ్వు రాలేదు. చతుర్ ఉపన్యాసంలో ఒక మాట తీసేసి 'బలాత్కార్' పెట్టి హాలు హాలంతా ఊగిపోయే సీను గురించి ఎక్కువ రాయబుద్ధి కావడం లేదు. హిందీ సరిగా రాని దక్షిణాది వాడూ, ఆడవాళ్ల మీద అత్యాచారమూ ఒకే జోకులో సరిపోయాయి.

హాస్టల్లో మిల్లీమీటర్ అనే పిల్లాడుంటాడు. వాడి పని విద్యార్థుల బట్టలు, చిల్లర పనులు చూడటం. బడికి ఫీజు అక్కర్లేదు, యూనిఫాం చాలు, కొనుక్కుని ఏదో ఒక బడిలో కూర్చో అని రాంచో సలహా ఇస్తాడు. ముచ్చటైన మాటే. కానీ హాజరు పట్టీ మాటేమిటి? పేరు పిలుస్తారు గదా, పేరు పక్కన తండ్రి పేరు, కులం రాసుంటాయి గదా! ఒక బట్ట తొడుక్కుంటే గుంపులో కలిసిపోతామని మనకెవరూ చెప్పలేదు. చెప్పినా నమ్మేవాళ్లం కాదు.

ఈ సలహా ఎక్కడ పుట్టిందో తర్వాత తెలుస్తుంది. మిత్రులు రాంచోని వెతుక్కుంటూ షిమ్లా వెళ్తే రణఛోడ్‌దాస్ అనే పేరుతో డిగ్రీ గోడకు వేలాడుతుంది, మనిషి మాత్రం వేరెవరో. తమతో చదివినవాడు ఆ ఇంటి తోటమాలి బిడ్డ. చిన్నప్పుడు యూనిఫాం వేసుకుని దొరికిన క్లాసులో దూరి, వయసుకు మించిన లెక్కలు చేస్తూ పట్టుబడ్డాడు. యజమాని వాణ్ణి తరిమేయలేదు. లెక్క వేసుకున్నాడు. తన కొడుక్కి చదువు అబ్బలేదు, వీడికి అబ్బింది. కనుక కొడుకు పేరుతో వీడు చదవాలి, ఇంజినీరింగ్ డిగ్రీ తెచ్చి అప్పజెప్పాలి, ఆపైన కనబడకుండా పోవాలి.

మెరిట్ గురించి ఇంతకంటే నిజమైన కథ హిందీ తెర మీద ఎవరైనా చెప్పారా? తెలివి పనివాడి బిడ్డది, సర్టిఫికెట్ దొరబిడ్డది. ఏకలవ్యుడు గుర్తు రాకుండా ఎలా ఉంటాడు? అక్కడ వేలు అడిగారు, ఇక్కడ పేరు అడిగారు. ఇంత బంగారం చేతిలో పెట్టుకుని హిరానీ దాన్ని ఒక తుపాకీ, ఒక అస్థికల కలశం చుట్టూ తిరిగే హాస్యంలో కలిపేశాడు. తోటమాలి బిడ్డకు కోపం రాదు. నాకు జ్ఞానం దక్కింది, కాగితం మీరుంచుకోండి అన్నట్టు చిరునవ్వుతో వెళ్లిపోతాడు. యజమానికి ఇంత సుఖమైన పనివాడు ఎక్కడ దొరుకుతాడు!

అతని అసలు పేరు ఫున్సుఖ్ వాంగ్డూ. అది లడాఖ్ వైపు పేరు. 1989లో బోట్ మొదలైన లడాఖ్ సమూహాలను షెడ్యూల్డు తెగల్లో చేర్చారు. అతనిది ఏ తెగో సినిమా చెప్పదు. కానీ ఆ పేరున్న పిల్లాడికి తన పేరుతోనే ఒక సీటు అడిగే హక్కు ఉండొచ్చని ఈ కథలో ఎవరికీ తట్టలేదు. దొర దయ తట్టింది, రాజ్యాంగం తట్టలేదు.

డిగ్రీ ఉత్త కాగితమే అనడానికి కూడా ఒక స్తోమత కావాలి. మాలో చాలామందిమి ఇంట్లో మొదటి డిగ్రీ వాళ్లం. కుల సర్టిఫికెట్ కోసం మండలాఫీసు చుట్టూ తిరిగినవాళ్లం. ఫీజు రీయింబర్స్‌మెంటు రాలేదని కాలేజీ ఒరిజినల్స్ ఆపేస్తే ఉద్యోగానికి వెళ్లలేకపోయిన తమ్ముళ్లూ చెల్లెళ్లూ ప్రతి ఊళ్లో ఉన్నారు. అంబేడ్కర్ విగ్రహం కింద ఎం.ఎ., పిహెచ్.డి., డి.ఎస్సి., బార్-ఎట్-లా అని వాడవాళ్లు ఒక్క అక్షరం వదలకుండా ఎందుకు రాయిస్తారో ఆలోచించండి. 1917లో బరోడాలో అప్పటికి ఉన్న డిగ్రీలు ఆయనకు ఉండటానికి ఒక గది కూడా ఇప్పించలేకపోయాయి. అయినా ఆయన వాటిని పారేయలేదు, ఇంకా సంపాదించాడు.

నిజానికి సినిమాకే తన మాట మీద నమ్మకం లేదు. చివర్లో వాంగ్డూ గొప్పవాడని ఎలా తెలుస్తుంది? నాలుగొందల పేటెంట్లున్నాయట. పేటెంటంటే ఏమిటి, పేరు రాసున్న కాగితమే గదా! ఆఖరి జోకు కూడా సంతకం మీదే. నా కలం నువ్వే ఎత్తుకుపోతివి, ఎలా సంతకం పెట్టను అని చతుర్‌ని ఏడిపిస్తాడు. ఆ జోకుకు మాత్రం ఇప్పటికీ నవ్వుతాం. సొంత పేరుతో సంతకం పెట్టే ఆ సుఖం మాకు తెలుసు.

షిమ్లా ఇంట్లో గోడ మీది డిగ్రీని మాత్రం సినిమా అయిపోయేదాకా ఎవరూ దించరు.